తెలుసుకోవడానికి అడుగుతున్నామా, గెలవడానికి అడుగుతున్నామా?



ఈ చిన్న పుస్తకం చేతిలోకి తీసుకున్న మీతో ముందుగా నా తప్పు ఒకటి చెప్పుకుంటాను. మిగతా మాటలన్నీ అందులోంచి వచ్చినవే.

మూడేళ్ళ కిందట వైశాఖ పున్నమి సాయంత్రం. మా పేటలో విహార్ అంటే పెద్ద కట్టడమేం కాదు. రేకుల షెడ్డు, లోపల బుద్ధుడి విగ్రహం, పక్కన బాబాసాహెబ్ పటం, కింద రెండు పట్టాలు పరుచుకుని కూర్చుంటాం. త్రిశరణాలు, పంచశీలాలు అయ్యాయి. సుజాత పాయసం పెట్టిన సంగతి చెప్పుకుని అందరం గ్లాసుల్లో పాయసం తాగాం. తర్వాత చర్చ. మాట్లాడేది నేనే. విషయం సంబోధి. బోధి చెట్టు కింద సిద్ధార్థుడు ఏం తెలుసుకున్నాడు అన్నది.

డిగ్రీ రెండో ఏడు చదివే కుర్రాడు ఒకడు లేచాడు. "అన్నా, ఆయనకి జ్ఞానోదయం అయిందని ఎవరు చూశారు? ఆయనే చెప్పుకున్నాడు కదా. నాకు దేవుడు కనిపించాడని బాబాలు చెప్పుకోడానికీ దీనికీ తేడా ఏంటి?" అన్నాడు. గొంతులో వేడి ఉంది. పక్కనున్న స్నేహితులు నవ్వారు. నాకు రోషం వచ్చింది. ఇరవై ఏళ్ళుగా మీటింగుల్లో మాట్లాడుతున్నవాణ్ణి, ఎదుటివాణ్ణి ఎక్కడ పట్టుకోవాలో తెలుసు. అరగంట దంచాను. కుర్రాడు తల దించుకుని కూర్చున్నాడు. చప్పట్లు కొట్టారు.

అప్పుడు వెనక గోడకి ఆనుకుని కూర్చున్న ఒక మామ్మ చెయ్యెత్తింది. అంతకు రెండేళ్ళ ముందు ఆమె కొడుకు చనిపోయాడు. "నాయనా, జ్ఞానం వచ్చాక బుద్ధుడికి ఇక ఏడుపే రాలేదా? తనవాళ్ళు పోయినా రాలేదా?" అని అడిగింది. నేను ఇంకా ఆ ఊపులోనే ఉన్నాను. "మామ్మా, దుఃఖానికి కారణం తృష్ణ. తృష్ణ పోతే దుఃఖం పోతుంది. ఇందాకట్నుంచీ చెప్తున్నది అదే కదా" అన్నాను. ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె కొంగు సర్దుకుని "సరే నాయనా" అంది. తర్వాతి ఆదివారం రాలేదు. ఆపై ఆదివారమూ రాలేదు.

కుర్రాడిది వాదం అనుకున్నాను. మామ్మది తెలియనితనం అనుకున్నాను. రెండూ తప్పేనని తర్వాత తెలిసింది. అందుకే ఈ ప్రశ్న మీ ముందు పెడుతున్నాను. నిజంగా తెలుసుకోవాలని అడిగే ప్రశ్నకీ, వాదం కోసం అడిగే ప్రశ్నకీ తేడా ఎక్కడుంది? ఆ తేడా ఎవరు తేల్చాలి?

అడిగే హక్కు ఊరికే రాలేదు

"ధమ్మంలోకి వచ్చాక వాదాలు మానేయాలి, శాంతంగా ఉండాలి" అని కొందరు చెప్తారు. ఆ మాట అంత తేలిగ్గా ఒప్పుకోకండి. మన తాతలకి ప్రశ్న అడిగే హక్కు లేదు. బడిలో సంస్కృతం చదవనివ్వకపోతే బాబాసాహెబ్ పర్షియన్ తీసుకోవాల్సి వచ్చింది. చిన్నప్పుడు ఇంట్లో రామాయణ భారతాలు చదవమని తండ్రి రాంజీ పట్టుబడితే, ఇవి మనమెందుకు చదవాలని ఆ పిల్లవాడు తండ్రినే అడిగాడు. తండ్రి చెప్పిన జవాబు తృప్తినివ్వలేదు. తర్వాత కేళూస్కర్ గారు తాను రాసిన బుద్ధుడి జీవిత చరిత్ర ఆ కుర్రవాడి చేతిలో పెట్టారు. ఒక పిల్లవాడు ఇంట్లో అడిగిన ప్రశ్నతో మొదలైన దారే నాగపూర్ దాకా వచ్చింది.

1935లో యేవలాలో హిందువుగా చావనని ప్రకటించిన రోజు నుంచి 1956లో దీక్ష తీసుకునే దాకా 21 ఏళ్ళు. అన్నేళ్ళు ఆయన చదివారు, పోల్చారు, ప్రశ్నించారు. 1957లో, ఆయన పోయాక అచ్చయిన 'బుద్ధుడు – ఆయన ధమ్మం' కూడా ప్రశ్నలతోనే మొదలవుతుంది. సిద్ధార్థుడు ఇల్లెందుకు విడిచాడు? నాలుగు ఆర్య సత్యాలు నిజంగా ఆయన మూల బోధలో భాగమేనా? ఆత్మ లేదంటే కర్మ, పునర్జన్మ ఎలా? భిక్ఖు సంఘం ఎందుకోసం? బౌద్ధ లోకం గౌరవించే విషయాల్నే ఆయన ముందు పెట్టి అడిగారు. ముసలివాణ్ణీ రోగినీ శవాన్నీ మొదటిసారి ఇరవై తొమ్మిదో ఏట చూశాడంటే నమ్మేదెలా అన్నారు. శాక్యులకీ కోలియులకీ రోహిణి నది నీళ్ళ దగ్గర వచ్చిన తగాదాను, యుద్ధం వద్దన్న సిద్ధార్థుడిని మన ముందుంచారు.

కాబట్టి ప్రశ్న మన ఆస్తి. వాదం కూడా మన ఆస్తే. ఊళ్ళో, ఆఫీసులో, కాలేజీలో మనల్ని తక్కువ చేసేవాడితో వాదించకపోతే బతకలేం. ఇబ్బంది ఎక్కడొస్తుందంటే, బయట పగవాడి మీద తీసిన కత్తిని లోపలికొచ్చాక కూడా ఒరలో పెట్టం. మన అన్నదమ్ముల మీద, మన అమ్మల మీద అదే దూస్తాం. ధమ్మాన్ని కేవలం ఎదుటివాణ్ణి తప్పు పట్టడానికీ వాదం నుంచి తప్పించుకోడానికీ నేర్చుకునేవాడు పాముని తోక దగ్గర పట్టుకున్నవాడని బుద్ధుడు పోల్చాడు. అది వెనక్కి తిరిగి పట్టుకున్నవాణ్ణే కాటేస్తుంది. ఆ పున్నమి రోజు నన్ను కాటేసింది అదే.

అడగడానికి అయిదు కారణాలు

అంగుత్తర నికాయంలో సారిపుత్తుడు ఒక లెక్క చెప్తాడు. ఎవరైనా ఎదుటివాణ్ణి ప్రశ్న అడిగితే అయిదు కారణాల్లో ఏదో ఒకటి ఉంటుందంటాడు. ఒకటి, తెలివితక్కువగా, అయోమయంలో అడగడం. రెండు, చెడ్డ కోరికతో, తనకేదో దక్కాలని అడగడం. మూడు, ఎదుటివాణ్ణి చులకన చేయడానికి అడగడం. నాలుగు, తెలుసుకోవాలని అడగడం. అయిదోది కొంచెం జాగ్రత్తగా వినాలి. అడిగినదానికి సరిగ్గా చెప్తే మంచిదే, చెప్పలేకపోతే నేనే సరిగ్గా చెప్తాను అనుకుని అడగడం. సారిపుత్తుడు తాను అడిగేటప్పుడు ఈ అయిదో మనసుతో అడుగుతానన్నాడు.

చూశారా, జవాబు తెలిసినవాడు కూడా అడగొచ్చు. మంచి పంతులు పిల్లల్ని అడుగుతాడు కదా, అలాగ. తెలిసి అడగడం తప్పు కాదు. తెలిసి, ఎదుటివాడు తడబడితే చూసి సంతోషించాలని అడగడం తప్పు. అయిదు కారణాలున్నా పైకి వినిపించే మాటలు మాత్రం ఒక్కటే. 'నిబ్బానం అంటే ఏంటి?' అన్న మూడు మాటల్ని అయిదు మనసులతో అడగొచ్చు. మాటలు చూసి మనసు చెప్పలేం.

ఇంకో సంగతి గమనించండి. సారిపుత్తుడు చెప్పింది ఎదుటివాళ్ళకి మార్కులేసే పట్టిక కాదు. చివరికి తాను ఏ మనసుతో అడుగుతాడో చెప్పుకుని ముగించాడు. అంటే ఆ అయిదింటిలో ముందు వెతుక్కోవాల్సింది మనల్నే.

వాదానికి వచ్చిన ఇద్దరు

వాదం కోసమే బుద్ధుడి దగ్గరికొచ్చినవాళ్ళు చాలామంది. ఇద్దర్ని చూద్దాం.

వేసాలిలో సచ్చకుడు పేరున్న వాది. నాతో వాదానికి దిగితే ప్రాణం లేని స్తంభం కూడా వణుకుతుందని చెప్పుకునేవాడు. అయిదువందలమంది లిచ్ఛవుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. సాక్షులు కావాలి కదా గెలుపు చూడ్డానికి. ఈ రూపం నాది, ఇదే నేను అన్నాడు. అయితే నా రూపం ఇలా ఉండాలి, ఇలా ఉండకూడదు అని శాసించే అధికారం నీకుందా అని బుద్ధుడు అడిగాడు. సచ్చకుడు నోరు మెదపలేదు. ఒళ్ళంతా చెమటలు పట్టాయి. ఓడిపోయానని ఒప్పుకున్నాడు, మర్నాడు భోజనానికి పిలిచాడు. తర్వాత ఇంకోసారి వచ్చి కూడా మాట్లాడాడు, మెచ్చుకున్నాడు, లేచి వెళ్ళిపోయాడు. శరణు వెళ్ళినట్టు లేదు. వాదంలో ఓడాడు, బతుకులో ఏమీ మారలేదు.

రెండోవాడు నాలందలోని ఉపాలి గృహపతి. నిగంఠ నాతపుత్తుడి అనుచరుడు. గోతముణ్ణి ఓడించి వస్తానని గురువు దగ్గర సెలవు తీసుకుని వచ్చాడు. శరీరంతో చేసిందా, మనసుతో చేసిందా, ఏది ఎక్కువ పాపం అన్నది చర్చ. బుద్ధుడు ఒకదాని తర్వాత ఒకటి ఉదాహరణలు చెప్పాడు. చివర్లో ఉపాలి ఒక మాట ఒప్పుకున్నాడు. మొదటి ఉదాహరణకే నా మనసు ఒప్పుకుంది, ఇంకా వినాలని కోరికగా ఉండి ఎదురు చెప్తూ వచ్చాను అన్నాడు. శరణు కోరితే బుద్ధుడు తొందరపడొద్దన్నాడు. నీలాంటి పేరున్నవాడు బాగా ఆలోచించి చేయాలన్నాడు. ఇన్నాళ్ళూ మీ ఇంట్లో అన్నం తిన్న నిగంఠులకి అన్నం మానేయొద్దని కూడా చెప్పాడు.

ఇద్దరూ వాదానికే వచ్చారు. గడప దాటేటప్పుడు ఇద్దరి మనసూ ఒకటే. తేడా జవాబు విన్నాక వచ్చింది. ఉపాలి జవాబుని లోపలికి రానిచ్చాడు. సచ్చకుడు గడప దగ్గరే ఆపేశాడు. నాకర్థమైంది ఇది: ప్రశ్న నిజాయితీ అడిగిన నిమిషంలో తేలదు. జవాబు వచ్చాక అడిగినవాడు ఏం చేశాడన్న దాంట్లో తేలుతుంది. అంతవరకు ఎవరికీ ముద్ర వేయకూడదు.

"బుద్ధుడయ్యాడని రుజువేంటి?"

ఇప్పుడు ఆ కుర్రాడి ప్రశ్న దగ్గరికి వద్దాం. సంబోధి అయిందని ఎవరు చూశారు? ఈ ప్రశ్న కొత్తది కాదు. సంబోధి తర్వాత ధమ్మం చెప్పడానికి బయల్దేరిన బుద్ధుడికి గయ దారిలో ఉపకుడనే ఆజీవకుడు ఎదురయ్యాడు. నీ గురువెవరు అని అడిగాడు. నాకు గురువు లేడు, నేనే మేలుకున్నాను అన్న అర్థంలో బుద్ధుడు చెప్పాడు. అయ్యుండొచ్చులే అని తల ఊపి ఉపకుడు వేరే దారిన పోయాడు. బుద్ధుడు వెంటపడలేదు, శపించలేదు, ఆపి వాదించలేదు.

ఇసిపతనంలో అయిదుగురు పాత సహచరులూ నమ్మలేదు. కఠోర తపస్సు చేసినప్పుడే దొరకనిది, కడుపునిండా తినడం మొదలుపెట్టాక ఎలా దొరికిందన్నారు. మూడుసార్లు కాదన్నారు. ఇంతకుముందు ఎప్పుడైనా నేను మీతో ఇలా మాట్లాడానా అని బుద్ధుడు అడిగాడు. ఆలోచిస్తే లేదు. ఆరేళ్ళు కలిసి బతికినవాళ్ళు, ఆయన అబద్ధమాడే మనిషి కాదని తెలిసినవాళ్ళు. అప్పుడు వినడానికి కూర్చున్నారు. మహిమ చూపించి కూర్చోబెట్టలేదు. తన నడవడిని గుర్తు చేశాడు, అంతే.

మజ్ఝిమ నికాయంలోని వీమంసక సుత్తం ఇంకా ముందుకెళ్తుంది. తథాగతుడు నిజంగా సంబుద్ధుడా కాదా అని శిష్యుడు ఆయన్నే పరీక్షించాలని అందులో బుద్ధుడే చెప్తాడు. ఎదుటివాడి మనసులోకి తొంగిచూడలేం కాబట్టి కంటితో చూసేదీ చెవితో వినేదీ పట్టుకోమంటాడు. ఆయన చేతల్లో మాటల్లో మలినం కనిపిస్తోందా? ఈ మంచితనం నిన్నమొన్నటిదా, చాలాకాలంగా ఉన్నదా? పేరు వచ్చాక దాంతోపాటు చెడు వచ్చిందా? భయం వల్ల కట్టుబడి ఉన్నాడా, లోపల రాగం లేకనా? ఎవరినైనా చిన్నచూపు చూస్తున్నాడా? ఇవన్నీ చూశాక అప్పుడు నమ్మకం పెట్టుకోమన్నాడు.

ఏ బాబా అయినా తన మీద ఇలాంటి విచారణ పెట్టుకోమని భక్తులకి చెప్పాడా? కుర్రాడు అడిగిన తేడా ఇదే. నేను అరగంట మాట్లాడి చెప్పనిది, వీమంసక సుత్తంలో ఎప్పుడో ఉంది. అతని ప్రశ్న ధమ్మానికి ఎదురు ప్రశ్న కాదు, ధమ్మం అడగమన్న ప్రశ్న. గొంతులో వేడి చూసి నేను దాన్ని గుర్తుపట్టలేదు.

కుసినారాలో చివరి ప్రశ్న

ఈ విషయంలో పొరపాటు పడింది మనమే కాదు. బుద్ధుడికి అత్యంత దగ్గరివాడైన ఆనందుడూ పడ్డాడు.

కుసినారాలో రెండు సాల వృక్షాల మధ్య బుద్ధుడు చివరి రాత్రి పడుకుని ఉన్నాడు. సుభద్దుడనే పరివ్రాజకుడు వచ్చి, నాకో సందేహం ఉంది, లోపలికి వెళ్ళనివ్వమని ఆనందుణ్ణి అడిగాడు. ఆనందుడు వద్దన్నాడు. తథాగతుడు అలిసిపోయాడు, ఇబ్బంది పెట్టొద్దన్నాడు. మూడుసార్లు అడిగితే మూడుసార్లూ అదే జవాబు. ఆ మాటలు బుద్ధుడి చెవిన పడ్డాయి. అతన్ని ఆపకు, అతను ఏం అడిగినా తెలుసుకోవాలని అడుగుతాడు తప్ప నన్ను విసిగించాలని కాదు అని ఆనందుడితో చెప్పాడు. పాలిలో ఆ రెండు మనసులకీ రెండు మాటలున్నాయి. ఒకటి తెలుసుకోవాలనే చూపు, ఇంకోటి బాధించాలనే చూపు. మనం ఇక్కడ చర్చిస్తున్న తేడాకి ఇంతకన్నా సూటి మాటలు దొరకవు.

ఇంతకీ సుభద్దుడు అడిగిందేంటి? పూరణ కస్సపుడు, మక్ఖలి గోసాలుడు, అజిత కేసకంబలి, పకుధ కచ్చాయనుడు, సంజయ బేలట్ఠిపుత్తుడు, నిగంఠ నాతపుత్తుడు – ఈ ఆరుగురూ తాము చెప్పుకున్నట్టే జ్ఞానం పొందారా, ఎవరూ పొందలేదా, కొందరే పొందారా? కాగితం మీద రాసి చూడండి, తగాదా పెట్టే ప్రశ్నలాగే ఉంటుంది. ప్రాణం పోతున్న మనిషిని అడగాల్సిన ప్రశ్నా ఇది? కానీ బుద్ధుడు ప్రశ్నని కాదు, అడిగేవాణ్ణి చూశాడు. ఎవరు పొందారో ఎవరు పొందలేదో ఆ సంగతి పక్కన పెట్టమన్నాడు. ఆర్య అష్టాంగ మార్గం ఎక్కడుంటే నిజమైన శ్రమణులు అక్కడుంటారు, అది లేనిచోట ఉండరు అని చెప్పాడు. మనుషుల మీద తీర్పు అడిగినవాడికి మార్గం చూపించాడు. సుభద్దుడు ఆ మార్గం పట్టాడు. బుద్ధుడు బతికుండగా సంఘంలోకి వచ్చిన చివరి శిష్యుడు అతనే.

ఆనందుడు ప్రేమతోనే అడ్డుపడ్డాడు. ఆ ప్రేమే మనలోనూ ఉంటుంది. ధమ్మాన్ని కాపాడాలి, బాబాసాహెబ్ గౌరవం కాపాడాలి అనుకుంటూ గుమ్మంలో నిలబడతాం. అలా నిలబడి చివరి శిష్యుణ్ణి వెనక్కి పంపేయబోయాడు ఆనందుడు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్‌కి త్రిశరణ పంచశీలాలు ఇచ్చిన మహాస్థవిర చంద్రమణి గారు ఆ కుసినారా నుంచే వచ్చారు. సుభద్దుడి ప్రశ్నకి తలుపు తెరుచుకున్న ఊరి నుంచే మనకీ దీక్ష అందింది. ఆ తలుపు మనం మూయకూడదు.

గోదావరి నుంచి వెళ్ళిన పదహారుమంది

మన నేలకీ ఈ కథలో భాగముంది. సుత్తనిపాతం చివరి భాగమైన పారాయణ వగ్గంలో బావరి అనే గురువు గోదావరి ఒడ్డున అస్సక దేశంలో ఉండేవాడని ఉంది. అస్సక రాజధానిని నిజామాబాద్ జిల్లా బోధన్‌గా చాలామంది గుర్తిస్తారు. బావరి ఉన్నది గోదావరి మధ్యలోని బాదనకుర్తి అని కొందరంటారు. బావరి ముసలివాడు, తాను వెళ్ళలేక పదహారుమంది శిష్యుల్ని పంపాడు. వాళ్ళు ప్రతిష్ఠానం, ఉజ్జయిని, విదిశ, కోసంబి, సాకేతం, సావత్థి మీదుగా నడిచి చివరికి మగధలో బుద్ధుణ్ణి కలిశారు.

గురువు చెప్పినట్టు ముందు ఆయన్ని పరీక్షించారు. పరీక్షించడం తప్పని బుద్ధుడు అనలేదు. కానీ వాళ్ళు పరీక్ష దగ్గర ఆగిపోలేదు. ఆ తర్వాత ఒక్కొక్కరూ లేచి తమ సొంత ప్రశ్న అడిగారు. ఈ వరద దాటేదెలా, ఈ ముసలితనం దాటేదెలా అని. ధోతకుడైతే నన్ను సందేహాల నుంచి విడిపించమని బతిమాలాడు. ఎవరినీ నేను విడిపించలేను, ధమ్మం తెలుసుకుంటే నువ్వే దాటతావని జవాబొచ్చింది. పింగియుడు అందరికన్నా ముసలివాడు. చూపు ఆనదు, చెవి సరిగ్గా వినపడదు. ఇలా అయోమయంలోనే చచ్చిపోకుండా ఏం చేయాలో చెప్పమన్నాడు.

వందల మైళ్ళు నడిచినవాడు ఎదుటివాణ్ణి ఓడించడానికి నడవడు. తన బతుకులో ఏదో తేలాలని నడుస్తాడు. ప్రశ్న వెనక అడిగినవాడి బతుకు ఉందా లేదా అన్నది ఒక గుర్తు. మా మామ్మ ప్రశ్న వెనక కొడుకు చావుంది. అంతకన్నా దూరం నడిచి వచ్చినవాళ్ళు ఎవరుంటారు?

ఎవరు తేలుస్తారు?

ఇక్కడ మీరు నన్ను ఆపి అడగాలి. "నిజాయితీ ఉన్న ప్రశ్న, లేని ప్రశ్న అని విడగొడితే, ఆ విడగొట్టే అధికారం మళ్ళీ పెద్దమనుషులకే వస్తుంది కదా? నచ్చని ప్రశ్న అడిగిన ప్రతివాణ్ణీ వాదానికొచ్చాడని కూర్చోబెడతారు కదా?" అని. నిజమే. మన సంఘాల్లో ఇది జరుగుతోంది. లెక్కలు అడిగిన కుర్రాడు, కమిటీలో ఆడవాళ్ళెందుకు లేరని అడిగిన అమ్మాయి – వీళ్ళకి 'ధమ్మం తెలియదు, వాదాలకొచ్చారు' అనే జవాబు నేను విన్నాను.

దీనికి రెండు కథలు చెప్తాను. ఓపసాద గ్రామంలో కాపఠికుడనే పదహారేళ్ళ కుర్రాడు పెద్దల మాటల మధ్యలో పదే పదే దూరుతున్నాడు. పెద్దల మాట అయ్యాక మాట్లాడమని బుద్ధుడు చెప్పాడు. ఆయన నా వైపు చూస్తే అడుగుతానని కుర్రాడు మనసులో అనుకున్నాడు. బుద్ధుడు కావాలనే అతని వైపు చూశాడు. ఆగమన్నవాడే గుర్తుపెట్టుకుని అవకాశం ఇచ్చాడు. ఇదే నిజం, మిగతాదంతా అబద్ధం అనే పట్టుదల గురించి అడిగాడు కుర్రాడు. ఇది నా నమ్మకం అని చెప్పుకో, అంతమాత్రాన ఇదొక్కటే నిజమని తీర్మానించకు, అప్పుడే నువ్వు సత్యాన్ని కాపాడినట్టు అని జవాబిచ్చాడు. మన పుస్తకాల మీదా, మన నాయకుల మీదా కూడా ఈ కొలత పెట్టుకోవాలి.

రెండోది మిలింద రాజు కథ. సాగల నగరాన్ని ఏలిన గ్రీకు రాజు, వాదంలో గట్టివాడు. నాగసేన భిక్ఖువుని చర్చకి పిలిచాడు. పండితుల్లా చర్చిస్తే సరే, రాజుల్లా అయితే కుదరదన్నాడు నాగసేనుడు. పండితులు ఒకరినొకరు కాదంటారు, తప్పు పట్టుకుంటారు, కోపం తెచ్చుకోరు. రాజులు కాదన్నవాడికి శిక్ష వేయిస్తారు. మిలిందుడు పండితుడిలా చర్చించడానికి ఒప్పుకున్నాడు. ఇప్పుడు మీరే చెప్పండి, మన విహారాల్లో మైకు పట్టుకున్నవాడు పండితుడా, రాజా? ఆ పున్నమి రాత్రి నేను రాజుని. చప్పట్లు నా దండన.

బుద్ధుడు కూడా కొన్ని ప్రశ్నలకి జవాబివ్వలేదు కదా అంటారు. ఇవ్వలేదు. సూటిగా చెప్పాల్సినవి, విడమరిచి చెప్పాల్సినవి, ఎదురు ప్రశ్న వేసి చెప్పాల్సినవి, పక్కన పెట్టాల్సినవి అని ప్రశ్నల్ని నాలుగు రకాలు చేశాడు. ఆత్మ ఉందా, లేదా అని వచ్ఛగోత్తుడు రెండు రకాలుగా అడిగితే రెండుసార్లూ మౌనంగా ఉన్నాడు. అతను వెళ్ళాక ఆనందుడు కారణం అడిగాడు. ఏ జవాబిచ్చినా అతను తప్పుగా పట్టుకుంటాడు, ఇప్పటికే ఉన్న అయోమయం ఇంకా పెరుగుతుందని బుద్ధుడు చెప్పాడు. ఆ మౌనం అడిగినవాడి మేలు కోసం. ఆ వచ్ఛగోత్తుడు మళ్ళీ మళ్ళీ వచ్చి అడుగుతూనే ఉన్నాడు, చివరికి సంఘంలో చేరి అరహంతుడయ్యాడు. జవాబు తెలియక, కుర్చీ పోతుందని ఊరుకునే నాయకుడి మౌనానికి దీన్ని అడ్డం పెట్టుకోకూడదు.

అందుకని నేను తేల్చుకున్నది ఇది. నిజాయితీ కొలత అద్దంలాంటిది, కర్రలాంటిది కాదు. దాన్ని మన ముఖం ముందు పట్టుకోవాలి, ఎదుటివాడి వీపు మీద వేయకూడదు. నేను అడిగేటప్పుడు నన్ను నేను అడుగుతాను: జవాబు సరైనదైతే నేను మారడానికి సిద్ధమేనా? ఎదుటివాడు అడిగేటప్పుడు మాత్రం, అతను సుభద్దుడే అనుకుని తలుపు తీస్తాను. అతను సచ్చకుడని తర్వాత తేలినా నష్టమేం లేదు. సచ్చకుడికి కూడా బుద్ధుడు జవాబిచ్చాడు కదా.

మన విహారాల్లో

ఈ మూడేళ్ళలో మా పేటలో కొన్ని అలవాట్లు చేసుకున్నాం. ఎవరైనా అడిగితే జవాబు చెప్పేవాళ్ళు ముందు ఆ ప్రశ్నని తిరిగి చెప్తారు: "మీరడిగింది ఇదేనా?" అని. సగం తగాదాలు అక్కడే తగ్గుతున్నాయి. మొదట ఆడవాళ్ళూ, కొత్తగా వచ్చినవాళ్ళూ అడుగుతారు, మైకు అలవాటున్నవాళ్ళు చివర్లో. ప్రశ్నకి నవ్వు ఉండదు, జవాబుకి చప్పట్లు ఉండవు. తెలియకపోతే తెలియదని చెప్పి నోటుబుక్కులో రాసుకుంటాం, వచ్చే ఆదివారం ఆ పేజీతోనే మొదలుపెడతాం. మీ విహార్‌లోనూ చేసి చూడండి, ఖర్చేం లేదు.

తర్వాత ఒకరోజు ఆ కుర్రాడే నాతో చెప్పాడు. వాళ్ళమ్మ ఒక బాబా దగ్గర చేతిలో ఉన్న నాలుగు రూపాయలూ పోగొట్టుకుందట. ఆమెని విహార్‌కి తీసుకురావాలంటే, తేడా ఏంటో ఆమెకి చెప్పాలంటే, ముందు తనకి తెలియాలి. అందుకే అడిగాడు. నేను కూర్చోబెట్టింది అతన్నే కాదు, గుమ్మం దాకా రాబోయిన ఇంకో మనిషిని కూడా.

మామ్మ ఇంటికి వెళ్ళడానికి నాకు నెల పట్టింది. సిగ్గు. వాకిట్లో మంచం వాల్చింది, టీ పెట్టింది. "మామ్మా, ఆరోజు నువ్వడిగినదానికి నేను సరిగ్గా చెప్పలేదు" అని మొదలుపెట్టాను. సారిపుత్తుడు, మొగ్గల్లానుడు పోయిన తర్వాత ఉక్కచేలలో గంగ ఒడ్డున భిక్ఖువుల మధ్య కూర్చుని, ఈ సభ నాకు ఖాళీగా కనిపిస్తోందని బుద్ధుడు చెప్పుకున్న సంగతి చెప్పాను. ఆ ఖాళీని చూశాడు, దాచుకోలేదు. అయితే దాని కింద పడి నలిగిపోలేదు. పుట్టింది పోకుండా ఉండదని తెలుసు కాబట్టి. బాణం ఒకటి అందరికీ తగులుతుంది, దాని మీద మనం పొడుచుకునే రెండో బాణం లేకుండా చేసుకోవడమే ఆయన నేర్పిందని చెప్పాను.

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "అయితే ఆయనకీ ఖాళీ కనిపించింది" అంది. "కనిపించింది మామ్మా" అన్నాను. "అది చాల్లే నాయనా. మా వాడి మంచం నేనింకా తీయలేదు" అంది. నేను కూర్చున్నది ఆ మంచం మీదే.

తర్వాతి ఆదివారం ఆమె వచ్చింది. ఇప్పుడు మా చర్చల్లో మొదటి ప్రశ్న చాలాసార్లు ఆమెదే. నాకు జవాబు తెలియని ప్రశ్నలు కూడా ఎక్కువగా ఆమెవే.

బంధువులారా, ఈ పుస్తకం చదివి మీకు నాతో పేచీ ఉంటే అడగండి. గొంతులో వేడి ఉన్నా పర్వాలేదు. వినడానికి కూర్చుంటాను.

నమో బుద్ధాయ. జై భీమ్.